ఎరువుకు రెండర్థాలు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,



మూడు దశాబ్దాల పాటు కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లలో వ్యవసాయ విస్తరణ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పైకి పంపిన నివేదికల్లో ఒక వాక్యం తప్పకుండా ఉండేది: "భూసార పరిరక్షణపై రైతులకు అవగాహన కల్పించవలసి ఉన్నది." ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. రాసిన చేత్తోనే దాన్ని కొట్టేద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, మే నెల ఆఖరున, ఓ ఊరి రామాలయం అరుగు మీద పాతికమంది కౌలురైతుల్ని కూర్చోబెట్టి పచ్చిరొట్ట పైరు జీలుగ గురించి చెప్పాను. ఎకరానికి పది పన్నెండు కిలోల విత్తనం, నలభై అయిదు రోజులకు పూత దశలో కలియదున్నడం, నేల గుల్లబారడం, చౌడు తగ్గడం. నాకు కంఠతా వచ్చిన పాఠమే. అంతా విన్నాక, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకాయన లేచాడు.

"మీరు చెప్పింది కాదనటంలా సార్. జీలుగేస్తే నేల బాగుపడతదని మా తాత గూడా చెప్పేవాడు. ఏ చేలో వెయ్యమంటారో అది చెప్పండి. ఈ ఏడు నాకింకా చేను ఖాయం కాలా."

డెల్టా పంటకాలం తెలిసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. సార్వా వరి నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. వెనకే మినుమో మొక్కజొన్నో వేస్తే మార్చి, ఏప్రిల్‌కల్లా అదీ ఇంటికొస్తుంది. ఆ తర్వాత కాలవకు నీళ్లొచ్చేదాకా నేల నెర్రెలిచ్చి పడి ఉంటుంది. జీలుగకైనా జనుముకైనా పిల్లిపెసరకైనా దొరికే సందు అదొక్కటే. మా వైపు కౌళ్లు మాట్లాడుకునేది కూడా సరిగ్గా అప్పుడే. పాత కౌలుదారు చేతులు దులుపుకుని ఉంటాడు. కొత్త కౌలుదారు ఇంకా గట్టు ఎక్కి ఉండడు. ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. నేలకు మేలు చెయ్యాల్సిన ఆ నలభై అయిదు రోజులూ నేల ఎవరిదీ కాదు.

ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫోటో తీయించుకుని, సంతకాలు పెట్టించుకుని వచ్చేశాను. నివేదికలో "అవగాహన కల్పించడమైనది" అని రాశాను.

అయ్యా, మన భాషలో ఎరువుకు రెండర్థాలున్నాయి. ఒకటి చేనికి వేసేది. రెండోది ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్నది, తిరిగి ఇచ్చెయ్యాల్సింది. "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెతలో ఉన్నది ఈ రెండోదే. నేను ఉద్యోగమంతా మొదటి ఎరువు గురించే మాట్లాడాను. రైతు నిర్ణయాలేమో రెండో ఎరువు చుట్టూ తిరుగుతుంటాయి. చేను ఎరువుది. పెట్టుబడి ఎరువుది. ఆఖరికి చేలో చల్లే ఎరువు బస్తా కూడా కొట్లోంచి ఎరువుకు తెచ్చిందే. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయి. దేశంలో మరే రాష్ట్రంలోనూ అంత లేదు. రైతు మన మాట విని ఇంటికెళ్లి వేసుకునే లెక్క ఈ రెండో అర్థంలోంచి మొదలవుతుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒకసారి ఆయన పక్కన కూర్చుని చూద్దాం. నలభై అయిదు కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని నూటికి 46 పాళ్లు, అంటే బస్తాకు దాదాపు 21 కిలోలు. బాగా పెరిగిన జీలుగను కలియదున్నితే ఎకరానికి అంతో, అంతకు కాస్త పైనో నత్రజని నేలకు చేరుతుంది. మనం ఇది జీలుగ గొప్పగా చెబుతాం. రైతు దీన్నే తిరగేసి చదువుతాడు: జీలుగ నాకిచ్చేది 266 రూపాయల సరుకు. దానికోసం విత్తనం కొనాలి, ఓసారి దున్నించాలి, వాన పడకపోతే ఇంజను పెట్టాలి, నెలన్నర ఆగి మళ్లీ రోటవేటరు కట్టించాలి. ఆ రోటవేటరు కిరాయి ఒక్కదానికే ఎన్ని యూరియా బస్తాలొస్తాయో బడికెళ్లే పిల్లాడైనా చెబుతాడు.

జీలుగతో వచ్చేది నత్రజని ఒక్కటే కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేల గుల్లబారడం, తేమ నిలవడం, సేంద్రియ కర్బనం పెరగడం, ఇవీ అసలు లాభాలు. కానీ అవి చేతికందేది రెండో ఏడో, మూడో ఏడో. అప్పటికి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో? అద్దె ఇంటికి సొంత డబ్బుతో స్లాబు వేయించేవాణ్ణి మనం ఎక్కడా చూడలేదు. కౌలుచేలో సొంత డబ్బుతో కర్బనం పెంచలేదని మాత్రం రైతును తప్పుపడుతున్నాం.

2025 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు బారులు తీరారు. కొన్నిచోట్ల తమకు బదులుగా చెప్పుల్ని వరుసలో పెట్టి నీడకు వెళ్లి కూర్చున్నారు. "యూరియా పిచ్చి" అని అన్నవాళ్లున్నారు. పిచ్చి కాదది. యూరియా చల్లితే వారంలో పైరు నలుపు తిరుగుతుంది. ఆ నలుపును ఆసామి గట్టు మీంచి చూస్తాడు, అప్పిచ్చినవాడు రోడ్డు మీంచి చూస్తాడు. పక్క చేను నల్లగా ఉండి తన చేను పసుపుగా ఉంటే కౌలుదారు పరువు ఏమవుతుంది? వచ్చే ఏడు చేను ఇస్తారా? 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దానికి బయట ఉంచారు. అప్పట్నుంచీ మిగతా ఎరువుల ధర ఒక దారి, యూరియా ధర ఒక దారి. అది ఢిల్లీ నిర్ణయమని, మీ చేతిలో లేదని తెలుసు. కానీ చౌకగా దొరికేలా చేసిందీ మనమే, వాడొద్దని కరపత్రం పంచేదీ మనమే అన్న సంగతి రైతుకు తెలియదనుకోవద్దు.

రైతు కొత్తకు లొంగడని కూడా నేను ఒకప్పుడు నమ్మాను. ఆ నమ్మకాన్ని మా డెల్టా మొక్కజొన్నే చెరిపేసింది. వరి మాగాణుల్లో తరతరాలుగా మినుము చల్లే అలవాటు. కోతకు రెండుమూడు రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే గింజ జల్లేవారు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి మినుమును దెబ్బతీశాక రైతులు మొక్కజొన్నకు మళ్లారు. అదీ దున్నకుండా. వరి కొయ్యకాళ్ల మధ్య తాడు పట్టి, కర్రతో తడి నేలలో గుంటలు పొడిచి, ఆడకూలీలు ఒక్కో గింజ వేసుకుంటూ పోయారు. దుక్కి లేకుండా పంటేమిటని నవ్విన చోటే అది ఊళ్లకు ఊళ్లు పాకింది. పద్ధతిని శాస్త్రవేత్తలు చెప్పారు, నిజమే. గట్టు దాటించింది మాత్రం రైతులే.

ఎందుకు పాకింది? దుక్కి ఖర్చు ఆ రోజే మిగిలింది. నేలలో ఉన్న తడి వృథా కాలేదు. అరెకరంలో వేసి చూసుకునే వీలుంది. ఫలితం ఆ పంటలోనే, పెట్టినవాడి చేతికే వచ్చింది. కొట్టువాడికి అమ్ముకోడానికి విత్తనముంది, కలుపు మందుంది, కాబట్టి అతనూ ప్రచారం చేశాడు. ఆ మొక్కజొన్న యూరియాను ఎంత తాగుతుందో, కలుపు మందు నేలకేం చేస్తుందో వేరే చర్చ. దుక్కి మానడమనే పెద్ద మార్పును రైతు అవగాహన సదస్సు లేకుండానే చేశాడన్నది నేను పట్టుకున్న సంగతి. మనం చెప్పే జీలుగను ఈ కొలతలతో కొలవండి. ఖర్చు ముందు, లాభం వెనక. పెట్టేది ఒకడు, తినేది ఇంకొకడు. కొట్టువాడికి అందులో అమ్ముకునేది ఏమీ లేదు.

ఆ ముందు ఖర్చును ఎవరైనా పంచుకుంటే ఏమవుతుందో తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చూడండి. చెరువుల్లో పూడిక తీసే పని ప్రభుత్వం చేసింది. ఆ మట్టిని సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి చేలకు తోలుకున్నది రైతులు. చెరువు మట్టి విలువ వాళ్లకు ఒకరు పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది. ఖర్చులో ఒక భాగం, అంటే తవ్వకం, ప్రభుత్వం భుజానికెత్తుకుంది. మిగతా భాగం రైతు సంతోషంగా మోశాడు. గొర్రెల మంద తోలించుకోడానికి రాత్రికింతని కాపరికి ఇచ్చుకునే రైతుకు నేల బలం సంగతి తెలియదంటే ఎలా?

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. భూసార ఆరోగ్య కార్డుల పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. పన్నెండు అంశాల పరీక్ష, ప్రతి రైతుకూ కార్డు. ఉద్దేశంలో వంక పెట్టడానికి లేదు. కానీ అప్పటి నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, అంటే దాదాపు ఆరెకరాలకు, ఒక మట్టి నమూనా. మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. మా డెల్టాలో ఆరెకరాల్లో ఆరుగురు రైతులుంటారు. లక్ష్యం తరుముతుంటే నేను ఒక చేలో మట్టి తీసి పక్క చేలవాళ్ల పేర్లన్నీ రాసిన రోజులున్నాయి. వానపడి చేలోకి దిగలేకపోతే గట్టు పక్కనే పార గుచ్చిన రోజులూ ఉన్నాయి. కార్డు ఇస్తుంటే ఒక రైతు నన్ను అడిగాడు, "ఇది మా చేను మట్టేనా సార్?" అని. అవునన్నాను. ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకుని కొట్టువైపు నడిచాడు. ఆయన నా కళ్లలో ఏం చూశాడో గాని, సరైన నిర్ణయమే తీసుకున్నాడు.

ఆ కార్డులో సిఫారసు కిలోల్లో ఉంటుంది, రైతు లెక్క బస్తాల్లో ఉంటుంది. కార్డు పట్టాదారు పేరున వస్తుంది, సేద్యం కౌలుదారు చేస్తాడు. అందుకే ఆసామి ఇంటి బీరువాలో భద్రంగా ఉన్న కార్డులే నేను ఎక్కువగా చూశాను. కొట్టువాడి సలహా ఉచితం, పైగా అరువుతో కలిపి వస్తుంది. మనది ఉత్త సలహా.

చదువుకునే రోజుల్లో విస్తరణ శాస్త్రం పాఠాల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు కథ చెప్పేవారు. 1943లో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు సంకర మొక్కజొన్న ఎలా వ్యాపించిందో 259 మంది రైతుల్ని అడిగి రాశారు. విత్తనం సంగతి చాలామందికి మొదట చెప్పింది అమ్మకందారు. వేద్దామన్న ధైర్యం ఇచ్చింది పొరుగు రైతు. కంటికి కనిపించేంత లాభమున్న ఆ విత్తనానికే, విన్న నాటి నుంచి వేసే నాటికి సగటున తొమ్మిదేళ్లు పట్టింది. ఆ పాఠం చదివి పరీక్ష రాసి పాసైన నేనే మూడు నెలల్లో వంద శాతం లక్ష్యం అని బోర్డు మీద రాశాను. ప్రదర్శన క్షేత్రం కూడా ఎక్కడ పెట్టాం? రోడ్డు పక్కన, నీళ్లు బాగా పారే పెద్ద రైతు చేలో. అధికారి కారు దిగితే కనబడాలి కదా. అక్కడ పంట బాగుంటే కౌలురైతు అనుకునేది ఒకటే, "ఆయనకేం, తట్టుకుంటాడు."

పొరుగువాడు ధైర్యమిచ్చినట్టే అధైర్యమూ ఇస్తాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అంటారు. వేసవిలో మా ఊళ్లలో పశువుల్ని వదిలేస్తారు. వంద ఎకరాల బీడులో ఒక్కడు పిల్లిపెసర వేస్తే ఊరి గొడ్లన్నీ ఆ చేలోనే ఉంటాయి. రాత్రింబవళ్లు కాపలా ఎవరు కాస్తారు? ఊరంతా వేస్తే కాపలా అక్కర్లేదు, ఒక్కడే వేస్తే కాపలా చాలదు. ఇది ఒక్క రైతు తీసుకోగల నిర్ణయం కాదు.

మన రాష్ట్రంలోనే 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యం కార్యక్రమం ఈ సంగతిని కొంత పట్టుకుంది. మహిళా సంఘాల ద్వారా వెళ్లింది. పద్ధతిని తన చేలో చేసి చూపిన రైతునే శిక్షకుడిగా పెట్టుకుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పడం నేర్పింది. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్నవాళ్లలో ఈ కార్యక్రమమూ ఉంది. జీవామృతం మీద, దిగుబడుల మీద వాదాలు ఎన్నైనా ఉండనివ్వండి. పక్కింటి మనిషి చెబితే వింటారన్నది అక్కడ రుజువైంది. వినడం అయ్యాక మిగిలే అడ్డంకి మళ్లీ ఆ రెండో ఎరువే.

అందుకని మీకు నాలుగు విన్నపాలు.

మొదటిది కౌలు గురించి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు కార్డును పదకొండు నెలలకు ఇస్తుంది. దానికీ ఆసామి సంతకం కావాలి. పదకొండు నెలల్లో పంట పండుతుంది, నేల పండదు. భూమి మీద హక్కు పోదన్న పూచీ ప్రభుత్వం ఇచ్చి, మూడేళ్లకు కౌలు రాసిన ఆసామికి ఏదో ఒక ప్రోత్సాహకం చూపండి. ఆయన భయం కూడా నిజమైనదే. దాన్ని తిట్టి పోగొట్టలేం.

రెండోది అదును గురించి. పశ్చిమ కెన్యాలో ఎస్తర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ మొక్కజొన్న రైతుల మీద చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. కోత అయిన వెంటనే, చేతిలో డబ్బున్నప్పుడు ఎరువు కొనుక్కుంటే ఇంటికి ఉచితంగా చేరుస్తామన్నారు. తర్వాత ఎరువు వేసే సమయంలో సగం ధర తగ్గిస్తే వచ్చేంత ఫలితం ఆ చిన్న సాయంతోనే వచ్చింది. మన దగ్గర కోత డబ్బు సంక్రాంతికి చేతిలో ఉంటుంది, మే నెలకు ఉండదు. జీలుగ విత్తనం సంక్రాంతికి రాయించుకుని ఉగాదికి ఊరు చేర్చండి. జూన్‌లో లారీ దిగిన జీలుగ బస్తాలకు గోడౌన్లో పురుగు పట్టడం నేను చూశాను.

మూడోది సబ్సిడీ గురించి. విత్తనం మీద ఇచ్చే రాయితీలో కొంత కలియదున్నే కిరాయికి మార్చండి. రైతు వెనకాడేది అక్కడ. అదీ ఒక్కొక్కరికి కాదు, ఒక కాలవ కింద ఉన్న చేలన్నీ కలిసి వేస్తేనే ఇవ్వండి. పశువుల సంగతి గ్రామసభలో వాళ్లే తేల్చుకుంటారు. డబ్బు చేను చేసేవాడి చేతికి వెళ్లాలి.

నాలుగోది మా గురించి. విస్తరణ సిబ్బందిని కార్డులు ఎన్ని పంచారు, సదస్సులు ఎన్ని పెట్టారు అని అడగడం మానండి. మూడేళ్ల కింద జీలుగ వేసిన చేలో ఈ ఏడు మళ్లీ ఎవరైనా, రాయితీ లేకపోయినా, వేశారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే నాలాంటివాళ్లు గట్టు పక్కన పార గుచ్చరు.

రామాలయం అరుగు మీద లేచిన ఆయన్ను రిటైరయ్యాక ఓసారి కలిశాను. పట్నంలో స్థిరపడ్డ దూరపు బంధువు ఒకరు ఆయనకు రెండెకరాలు నోటిమాట మీద, "నేను అమ్ముకునేదాకా నువ్వే చేసుకో" అని వదిలారట. ఎండలో చేలో ఉన్నాడు. పక్క ఊరి గేదెల దొడ్డి నుంచి పెంట ట్రక్కులు తోలించుకుని కుప్పలు పోయిస్తున్నాడు. పాత కౌలుచేలకు ఎన్నడూ తోలని పెంట.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాను నవ్వుతూ.

"ఒకరు చెప్పేదేంది సార్," అన్నాడు. "చేను ఉంటదిగా."

భవదీయుడు,
కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి